మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని అబోరిజినల్ ఊళ్లకు మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఎడారి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో కాపురం పెట్టిన దగ్గర్నుంచి మనవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల నుంచి ఉలురు అనే పెద్ద ఎర్ర రాతికొండ చూడటానికి వచ్చి ఇంకొంచెం లోపలికి వెళ్దామనుకునేవాళ్లు కొందరు. ఎడారి క్లినిక్‌లలో, బడుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చి భయపడుతున్నవాళ్లు ఇంకొందరు. నేను అబోరిజినల్ మనిషిని, అంటే ఆస్ట్రేలియా ఆదివాసీని, కాను. అతిథిగా తిరిగి, తప్పులు చేసి, వాళ్లు దిద్దితే నేర్చుకున్నదే చెబుతున్నాను. ఊరికో పద్ధతి ఉంటుంది. అక్కడివాళ్ల మాటకూ నేను రాసినదానికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి.

"కమ్యూనిటీ" అంటే అసలు ఏమిటి?

ఊరే. కొన్ని చోట్ల వంద మంది, కొన్ని చోట్ల వెయ్యి మంది దాకా ఉంటారు. ఒక బడి, ఒక క్లినిక్, ఒకే ఒక్క దుకాణం, ఎర్రమట్టి ఫుట్‌బాల్ మైదానం, తరచుగా ఒక చర్చి, అదృష్టం ఉంటే ఒక ఆర్ట్ సెంటర్. ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో హెర్మన్స్‌బర్గ్ ఉంది, దాని అసలు పేరు ఎన్‌టారియా. వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్లు వెళ్తే పపున్యా, ఇంకో దారిలో 290 దాటితే యుయెందుము వస్తాయి. కింటోర్ అయితే 530 కిలోమీటర్లు, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర.

అందరిదీ ఒకే భాష అనుకోకండి. అరెర్న్‌టె, వార్ల్‌పిరి, పిట్జంట్జట్జరా వేర్వేరు భాషలు. పింటుపి, పిట్జంట్జట్జరా మాత్రం ఒకదానికొకటి దగ్గరి మాండలికాలు. మీతో మాట్లాడే ఇంగ్లీషు చాలామందికి మూడో భాషో నాలుగో భాషో.

ఎడారిలో ఊళ్లు కట్టుకుని ఉండటం వీళ్ల పాత పద్ధతి కాదు. హెర్మన్స్‌బర్గ్ 1877లో లూథరన్ మిషనరీలు పెట్టిన ఊరు. పపున్యా, యుయెందుము లాంటివి ప్రభుత్వం రేషన్ ఇచ్చి మనుషులను ఒకచోట చేర్చిన ఊళ్లు. పింటుపి కుటుంబమొకటి, తొమ్మిది మంది, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఎడారిలోనే బతికి 1984లో కివిర్‌కురా దగ్గర తమ బంధువులను కలుసుకుంది. మన దగ్గర ఎన్టీఆర్‌ను గద్దె దించి మళ్లీ ఎక్కించిన ఏడాది అది. ఇక్కడ "పాతకాలం" అంటే ఎంత దగ్గరి కాలమో దాన్నిబట్టి ఊహించుకోండి.

వాళ్లను ఏమని పిలవాలి?

"అబోరిజినల్ ప్రజలు" అనొచ్చు. మన పత్రికల్లో కనిపించే "అబోరిజిన్స్" అనే మాట ఇక్కడ చాలామందిని నొప్పిస్తుంది, దాన్ని కురచ చేసి పలకడమైతే తిట్టే. అన్నిటికన్నా మంచిది వాళ్లు తమకు పెట్టుకున్న పేరుతో పిలవడం: పిట్జంట్జట్జరావాళ్లు "అనఙు" అంటారు, వార్ల్‌పిరివాళ్లు "యప" అంటారు. రెండిటికీ అర్థం మనుషులనే.

ఈ ఊళ్లకు వెళ్లడానికి పర్మిట్ ఎందుకు? ఆస్ట్రేలియా పౌరుడికి కూడా కావాలా?

పౌరుడికీ కావాలి, ఎందుకంటే అది ప్రభుత్వ భూమి కాదు. ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 1976లో వచ్చిన భూహక్కుల చట్టం వల్ల ఈరోజు అక్కడి నేలలో దాదాపు సగం అబోరిజినల్ యజమానులది. దక్షిణాన ఏపీవై ల్యాండ్స్ అనే ప్రాంతం 1981 చట్టంతో అనఙు ప్రజలకు దక్కింది, లక్ష చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఉలురును 1985 అక్టోబరు 26న యజమానులకు తిరిగి ఇచ్చారు, వాళ్లు దాన్ని 99 ఏళ్లకు నేషనల్ పార్కుకు లీజుకిచ్చారు. మన ఏజెన్సీలో 1/70 చట్టం తెలిసినవాళ్లకు ఈ భూమి అమ్మకానికి ఎందుకు రాదో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇక్కడ ఇంకో అడుగు ముందుకు వేసి, లోపలికి ఎవరు రావాలో కూడా యజమానులే నిర్ణయిస్తారు.

పర్మిట్లలో ముఖ్యంగా రెండు రకాలు. దారి గుండా దాటిపోవడానికి ఇచ్చేది ఒకటి. దాంతో రోడ్డు మీద వెళ్లొచ్చు, బంకు దగ్గర ఆగి డీజిల్ పోయించుకోవచ్చు, పక్కదారులు మాత్రం పట్టకూడదు. ఊళ్లోకి వెళ్లి ఉండటానికి ఇచ్చేది రెండోది. దానికి పని గానీ పిలుపు గానీ ఉండాలి. భూయజమానుల తరఫున పర్మిట్లిచ్చే సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ కార్యాలయం ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని లావర్టన్ నుంచి ఉలురు వైపు వచ్చే గ్రేట్ సెంట్రల్ రోడ్డు పదకొండు వందల కిలోమీటర్ల పైచిలుకు. దాని మీద వెళ్లాలంటే సరిహద్దుకు ఆవల ఒక పర్మిట్, ఈవల ఇంకొకటి తీసుకోవాలి. ప్రయాణానికి చాలా వారాల ముందే అడగండి. ఊళ్లోకి వెళ్లే పర్మిట్ అడిగితే వాళ్లు ఊరివాళ్లను సంప్రదించి చెబుతారు, దానికి టైం పడుతుంది. కాదన్నా కారణం అడగకండి. మన ఇంటికి ఎవరు రావాలో చెప్పడానికి మనం కారణం చెప్పం కదా.

పర్మిట్ లేకుండా ఏమీ చూడలేమా?

చూడొచ్చు. మొదటిసారి వచ్చేవాళ్లు అక్కడితోనే మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. ఆలిస్ నుంచి తారు రోడ్డు మీద హెర్మన్స్‌బర్గ్ వెళ్లి పాత మిషన్ కట్టడాలు చూడండి. నీటిరంగుల చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జిరా 1902లో పుట్టింది అక్కడే. అబోరిజినల్ ప్రజలకు పౌరహక్కులు లేని రోజుల్లో, 1957లో, ఆయనకు ప్రత్యేకంగా ఆ హక్కులిచ్చారు. వాటితోపాటు మద్యం కొనే హక్కు వచ్చింది. మరుసటి ఏడాది, తనవాళ్లకు మద్యం అందించాడని ఆయనకే జైలు శిక్ష వేశారు. ఉన్నది బంధువులతో పంచుకోవడం ఆయన ధర్మం, అదే ఆయన నేరమైంది. 1959లో చనిపోయాడు. ఈ కథ తెలుసుకుని వెళ్తే ఆ తెల్లటి మానుల బొమ్మలు వేరేగా కనిపిస్తాయి.

ఉలురులో కల్చరల్ సెంటర్‌కు కనీసం రెండు గంటలు కేటాయించండి. కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి నిషేధం. పక్కనే ఉన్న ముటిట్జులు ఊరికి మాత్రం పర్మిట్ కావాలి.

ఏ నెలల్లో వెళ్లాలి?

మే నుంచి సెప్టెంబరు మొదటి దాకా. రాత్రుళ్లు సున్నా కిందికి పోతుంది, మంచి రగ్గులు తెచ్చుకోండి. డిసెంబరు సెలవుల్లో రావద్దు. 40 డిగ్రీలు దాటే ఎండ ఒక కారణమైతే, వేసవి వాళ్ల సంప్రదాయ దీక్షా సంస్కారాల కాలం కావడం ఇంకో కారణం. ఆ రోజుల్లో కొన్ని దారులు బయటివాళ్లకు మూసేస్తారు. దారికి అడ్డంగా గుర్తు పెట్టి ఉన్నా, ఎవరైనా చెయ్యెత్తి ఆపినా వెనక్కి తిరగండి. ఆ సంస్కారాల గురించి ప్రశ్నలు వేయకండి. మగవాళ్లవి ఆడవాళ్లు, ఆడవాళ్లవి మగవాళ్లు తెలుసుకోకూడదు. పొరపాటున చూసినవాళ్లకు కూడా అది చిన్న తప్పు కాదు.

బండి, రోడ్డు సంగతి?

ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి. మట్టిరోడ్డు అడ్డంగా అలలు అలలుగా గట్లు కట్టి ఉంటుంది, పళ్లు కదిలిపోయేంత అదురుతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, నిదానంగా వెళ్లండి. రెండు స్టెప్నీలు, జాకీ, మనిషికి రోజుకు కనీసం ఐదు లీటర్ల చొప్పున నీళ్లు, దానికి పైన ఇంకో రెండు రోజులకు సరిపడా ఉంచుకోండి. ఊరు దాటితే సిగ్నల్ ఉండదు, శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకోండి. అద్దె కారైతే మట్టిరోడ్డుకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ముందే చదవండి. చాలావాటికి వర్తించదు.

చీకటి పడ్డాక నడపొద్దు. కంగారూలు, పశువులు, ఒంటెలు అడ్డం వస్తాయి. ఈ ఒంటెలు పందొమ్మిదో శతాబ్దంలో అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ఒంటెలవాళ్లు తెచ్చినవాటి సంతతి. ఆ మనుషుల వారసులు ఇక్కడి అబోరిజినల్ కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఎవరైనా పెద్దాయన మీ మొహం చూసి తన ముత్తాత గురించి చెప్పడం మొదలుపెడితే కూర్చుని వినండి.

బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. నడిచి వెళ్లినవాళ్లే చనిపోతున్నారు. వెతికేవాళ్లకు మనిషి కంటే బండి తేలిగ్గా కనిపిస్తుంది.

అక్కడ దొరికే పెట్రోల్ వేరేనట, నిజమేనా?

నిజమే. పిల్లలు పెట్రోల్ పీల్చి మెదడు పాడుచేసుకుంటుంటే, ఊరి అవ్వలూ తాతలూ ఏళ్లపాటు పోరాడారు. 2005లో "ఒపల్" అనే, మత్తెక్కించే పదార్థాలు బాగా తగ్గించిన పెట్రోల్ వచ్చింది. మామూలు కార్లకు ఏ ఇబ్బందీ లేదు. ప్రీమియం మాత్రమే తాగే బండి అయితే తేకండి. వేరే పెట్రోల్ డబ్బాల్లో నింపుకుని ఊళ్లోకి తీసుకెళ్లడం ఆ పెద్దల కష్టాన్ని నేలపాలు చేయడమే.

ఒకటి రెండు బీర్లు కూడా తీసుకెళ్లకూడదా?

కూడదు. చాలా ఊళ్లు పూర్తిగా మద్యనిషేధం పెట్టుకున్నవి. కారు డిక్కీలో సీలు తీయని సీసా ఉన్నా నేరమే, బండి కూడా పోవచ్చు.

ఊళ్లోకి చేరాక మొదట ఏం చేయాలి?

నేరుగా ఇళ్ల మధ్యకు పోకండి. ముందు ఆఫీసుకో, ఆర్ట్ సెంటర్‌కో, మిమ్మల్ని రమ్మన్నవాళ్ల దగ్గరకో వెళ్లి వచ్చామని చెప్పండి. ఎవరింటికైనా వెళ్లాల్సి వస్తే కొంచెం దూరంలో బండి ఆపి, దిగి, కనిపించేలా నిలబడండి. వాళ్లు చూస్తారు. రమ్మనాలనుకుంటే రమ్మంటారు. తలుపు తట్టక్కర్లేదు. కుక్కలు బోలెడుంటాయి. ఎవరైనా "చీకీ డాగ్" అంటే ముద్దుగా అన్నారనుకోకండి, ఇక్కడి ఇంగ్లీషులో చీకీ అంటే కరుస్తుందని.

మోకాళ్లు దాటే బట్టలు వేసుకోండి. మన సల్వార్ కమీజ్ చక్కగా సరిపోతుంది.

ఎలా మాట్లాడాలి? ఏం మాట్లాడాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కొంచెం ఎక్కువే చెబుతాను.

ముందు కూర్చోండి. నేల మీద, ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు. కళ్లలోకి సూటిగా చూడటం ఇక్కడ దురుసుతనం. ప్రశ్న వేశాక నిశ్శబ్దం వస్తే దాన్ని మీరు నింపకండి. వాళ్లు ఆలోచిస్తున్నారు. ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు గుప్పిస్తే మిమ్మల్ని వదిలించుకోవడానికి అన్నిటికీ "అవును" అనేస్తారు. క్లినిక్‌లో పనిచేయబోయే నర్సులు దీన్ని మొదటి రోజే తెలుసుకోవాలి. "నొప్పి తగ్గిందా?" అంటే అవునంటారు. "నొప్పి సంగతి చెప్పు" అని ఊరుకుంటే అసలు విషయం బయటికొస్తుంది.

మిమ్మల్ని వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నీ ఊరేది?" అని ఉంటుంది. ఉద్యోగం పేరు కాదు, ఊరి పేరు చెప్పండి. ఏ నది పక్కన, అమ్మ ఎక్కడ ఉంది, అన్నదమ్ములు ఎందరు. "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని అడిగించుకుంటూ పెరిగినవాళ్లం మనం, ఆ పని మనకు తెలిసిందే.

వరసల దగ్గరికి వస్తే మనకు ఇంకా సుళువు. పిట్జంట్జట్జరాలో అమ్మనూ అమ్మ అక్కచెల్లెళ్లనూ ఒకే మాటతో పిలుస్తారు. నాన్ననూ నాన్న అన్నదమ్ములనూ అంతే. పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, చిన్నాన్న అనే మాటల్లోనే అమ్మానాన్నలున్న మనకు అది వింతేం కాదు. అమ్మ అన్నదమ్ములకు, నాన్న అక్కచెల్లెళ్లకు మాత్రం వేరే మాటలు: మేనమామ "కమురు", మేనత్త "కుంటిలి". తమాషా ఏమిటంటే "మామ" అంటే అక్కడ నాన్న! "ఈయన మా మామ" అని ఒక కుర్రాడు చెబితే నేను చాలాసేపు తప్పుగా అర్థం చేసుకున్నాను. ఇంగ్లీషువాళ్లు "ఇద్దరు తల్లులెలా ఉంటారు?" అని తికమకపడే చోట మనం ఒక్క క్షణంలో అందుకుంటాం.

వార్ల్‌పిరివాళ్లలో పుట్టుకతో వచ్చే ఎనిమిది వర్గాలున్నాయి. ఒక్కో వర్గానికి మగవాళ్ల పేరు "జ"తో, ఆడవాళ్ల పేరు "న"తో మొదలవుతుంది: జంపిజింప, నంపిజింప, జకమర, నకమర. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవర్ని చేసుకోవచ్చో దాన్నిబట్టే తెలిసిపోతుంది. అత్తగారు, అల్లుడు ఒకరికొకరు ఎదురుపడరు, మాట్లాడుకోరు. అది పగ కాదు, మర్యాద. తలుపు చాటు నుంచి అల్లుడితో మాట్లాడిన అమ్మమ్మలు మన ఇళ్లలోనూ ఉండేవాళ్లు. ఒక మనిషి మీ కారులో ఎక్కబోయి, లోపల ఉన్నవాళ్లను చూసి దిగిపోతే కారణం ఇదే కావొచ్చు. బలవంతం చేయకండి. కొన్నేళ్లు కలిసి పనిచేస్తే మీకూ ఒక వర్గం పేరు ఇస్తారు. అడిగి తీసుకునేది కాదది. ఆ పేరుతోపాటు బాధ్యతలు కూడా వస్తాయి.

ఎవరైనా చనిపోయారని తెలిస్తే?

పర్మిట్ చేతిలో ఉన్నా ప్రయాణం ఆపేయండి. దీన్ని "సారీ బిజినెస్" అంటారు. ఊరంతా పని మానేస్తుంది, దుకాణం మూస్తారు, బంధువులు వందల కిలోమీటర్ల నుంచి వస్తారు. ఒకసారి నేను మూడు గంటలు నడిపి ఊరి మొదట్లోకి చేరేసరికి ఒక పెద్దమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. అంతే, వెనక్కి తిరిగాను. అలా తిరిగినందుకే తర్వాతి నెల వెళ్లినప్పుడు ఆవిడ నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

పోయినవాళ్ల పేరు నోట పలకరు. అదే పేరున్న బతికున్నవాళ్లను కూడా వేరే మాటతో పిలుస్తారు. వార్ల్‌పిరిలో "కుమంజయి", పిట్జంట్జట్జరాలో "కుణ్మనార". ఫొటోలు దాచేస్తారు. వార్ల్‌పిరి వితంతువులు సంతాప కాలంలో నెలల తరబడి మాట్లాడకుండా చేతి సైగలతోనే గడుపుతారు. ఆ సైగలు ఒక పూర్తి భాష, వాటితో చెప్పలేని సంగతంటూ ఉండదు. వాళ్లు పలకడం లేదని నొచ్చుకోకండి.

ఫొటోలు తీసుకోవచ్చా?

అడిగి, ఒప్పుకుంటేనే. పిల్లలవైతే పెద్దవాళ్లను అడగాలి. ఇన్‌స్టాలో పెట్టడానికి మళ్లీ వేరేగా అడగాలి. పైన చెప్పిన కారణం వల్ల, ఈరోజు నవ్వుతూ దిగిన ఫొటో రేపు ఒక కుటుంబానికి భరించలేనిది కావొచ్చు. ఉలురు చుట్టూ కొన్ని చోట్ల ఫొటో వద్దని బోర్డులుంటాయి, పాటించండి. డ్రోన్ తేనే వద్దు. రాయి, మట్టి ఏవీ తీసుకెళ్లొద్దు. ఉలురు నుంచి రాళ్లు పట్టుకెళ్లి, తర్వాత మనసు ఒప్పక క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిప్పి పంపుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

చుక్కల బొమ్మలు ఎక్కడ కొనాలి?

ఊరి ఆర్ట్ సెంటర్‌లోనే. అది కళాకారులే యజమానులుగా నడిచేది. ఈ బొమ్మల ఉద్యమం 1971లో పపున్యాలో బడి గోడ మీద పెద్దలు తేనెచీమ కథను చిత్రించడంతో మొదలైంది. మరుసటి ఏడాదే వాళ్లు పపున్యా టులా అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. యుయెందుములో వార్లుకుర్లఙు కేంద్రం 1985 నుంచి ఉంది. ప్రతి బొమ్మకూ ఎవరు వేశారో, ఏ కథో చెప్పే పత్రం ఇస్తారు. ఆ కథ వేసే హక్కు అందరికీ ఉండదు, వంశపారంపర్యంగా వస్తుంది. కాబట్టి బొమ్మను చూసి ఇంటి గోడ మీద మీరే ఒకటి వేసుకుందామనుకోవద్దు. బేరం ఆడకండి. కారు పార్కింగ్‌లో ఎవరైనా తక్కువకు ఇస్తామంటే కూడా సెంటర్‌కే వెళ్లండి.

డబ్బులో, లిఫ్టో అడిగితే?

అడుగుతారు. ఉన్నవాడు ఇవ్వాలి, లేనివాడు అడగాలి అనేది ఇక్కడి లెక్క, అడగడం తక్కువతనం కాదు. ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే నెమ్మదిగా "లేదు" అనండి. అబద్ధపు సాకు చెప్పొద్దు, ఊళ్లో అన్నీ తెలిసిపోతాయి.

మా సంఘం తరఫున పాత బట్టలు, బిస్కెట్లు పంచాలనుకుంటున్నాం.

దయచేసి వద్దు. మీ మనసు మంచిదే. కానీ ముక్కూమొహం తెలియనివాళ్లు పాత బట్టలు దించి, పిల్లలతో ఫొటో దిగి వెళ్లిపోవడం ఈ ఊళ్లు చాలా చూశాయి. రేషన్ పెట్టి లొంగదీసిన రోజులను గుర్తుంచుకున్న అవ్వలు ఇంకా బతికే ఉన్నారు. ఆ డబ్బుతో ఆర్ట్ సెంటర్‌లో ఒక బొమ్మ కొనండి, లేదా వాళ్లే నడుపుకునే సంస్థకు పంపండి. ఏది కావాలో వాళ్లకు తెలుసు.

దానికి ఒక ఉదాహరణ చెబుతాను. కిడ్నీలు పాడైన కింటోర్ పెద్దలు డయాలసిస్ కోసం ఐదు వందల కిలోమీటర్లు దాటి ఆలిస్‌కు వచ్చి, ఇల్లూ వాకిలీ మనవలూ లేకుండా ఇక్కడే కన్నుమూసేవాళ్లు. పింటుపి కళాకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేసి 2000లో సిడ్నీలో వేలం పెట్టారు. పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. 2004కల్లా కింటోర్‌లోనే డయాలసిస్ మొదలైంది. ఆ డబ్బుతో పుట్టిందే ఇప్పుడు అందరూ "పర్పుల్ హౌస్" అని పిలిచే సంస్థ. చక్రాల మీద తిరిగే డయాలసిస్ లారీ కూడా నడుపుతోంది. ఉద్దానం నుంచి విశాఖకు డయాలసిస్ కోసం తిరిగిన కుటుంబాలకు ఈ కథలోని బరువు తెలుస్తుంది.

నాకు ఒంట్లో బాగోలేకపోతే?

మీ మందులు మీరే తెచ్చుకోండి. క్లినిక్ ఊరివాళ్ల కోసం, అక్కడ నర్సులు తక్కువ, పని ఎక్కువ. ప్రాణం మీదికొస్తే మాత్రం సందేహించకుండా వెళ్లండి, వాళ్లు చూస్తారు, అవసరమైతే ఫ్లయింగ్ డాక్టర్ విమానం పిలుస్తారు.

శాకాహారులం, ఏం తినాలి?

బియ్యం, పప్పు, పచ్చళ్లు తెచ్చుకోండి. దుకాణంలో కూరగాయలుంటాయి, ఖరీదెక్కువ, శనివారం మధ్యాహ్నానికే మూసేయొచ్చు. ఎవరైనా కంగారూ తోకో, వేళ్లలోంచి తీసిన తెల్ల పురుగో పెడితే, తిననని నవ్వుతూ చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మొహం మాత్రం చిట్లించకండి. మీ ఆవకాయ రుచి చూపించండి. నేను చూపించినప్పుడు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ చెయ్యి చాపారు.

వెళ్లేముందు నేర్చుకోవాల్సిన మాటలు?

పిట్జంట్జట్జరాలో "పల్య" ఒక్కటి చాలా దూరం తీసుకెళ్తుంది. బాగుంది, సరే, నమస్కారం, వెళ్లొస్తాను, అన్నిటికీ అదే. అవునుకు "ఉవ", కాదుకు "వియ". వార్ల్‌పిరిలో అవునుకు "యువయి". మన నాలుకకు ఇక్కడ ఒక వరముంది. ఇంగ్లీషువాళ్లు ఎంత ప్రయత్నించినా విడదీయలేని న-ణ, ల-ళ తేడాలు ఈ భాషల్లో ఉన్నాయి. బళ్లో దిద్ది, ఆ తర్వాత ఎక్కడా వాడని ఙ అక్షరం ఇక్కడ మాట మొదట్లోనే వస్తుంది: ఇంటికీ, ఊరికీ, సొంత నేలకూ వాళ్ల మాట "ఙుర". ప్రయాణానికి ముందు వారం రోజులు ఆ మాట పైకి పలుకుతూ సాధన చేయండి. తప్పు పలికితే పిల్లలు నవ్వి, మీ చేత మళ్లీ మళ్లీ అనిపించి మరీ సరిదిద్దుతారు.